నిండు నిమిషం

ఆ అమ్మాయికి అసలు పేరొకటి ఉండేది గానీ అది హాజరుపట్టీ దాటి బయటికి వచ్చేది కాదు. నర్సింగ్ కాలేజీలో అందరికీ ఆమె చీమ. మనిషి పొట్టి, సన్నం, ఒక్క క్షణం కుదురుగా ఉండదు. వార్డులో ఈ మంచం దగ్గర కనబడిందంటే మరుక్షణం ఆ చివరి మంచం దగ్గర ఉంటుంది. మొదటి సంవత్సరంలో ఎవరో సరదాకి పెట్టిన పేరు మూడో సంవత్సరానికి ట్యూటర్ల నోట కూడా పడిపోయింది.

మూడో సంవత్సరం పరీక్షలు అయిన వారానికి సైన్యం ఆస్పత్రుల నుంచి ఒక అధికారి కాలేజీకి వచ్చింది. ఇస్త్రీ మడత చెదరని యూనిఫాం, భుజాల మీద ఇత్తడి నక్షత్రాలు. ఆవిడ పది నిమిషాలు కూడా మాట్లాడలేదు.

"సరిహద్దులో గొడవలు మొదలై ఆరు నెలలైంది. మా వార్డులు నిండిపోయాయి. మీరు చదువు ముగించి, తీరిగ్గా ఆలోచించుకుని వచ్చేదాకా ఆగే పరిస్థితి లేదు. ఆఖరి సంవత్సరం మా దగ్గరే చదవండి. క్యాడెట్లుగా చేరండి. పరీక్ష ప్యాసైన రోజే లెఫ్టినెంట్లవుతారు. ఎవరైనా ఉంటే లేచి నిలబడండి."

చీమ లేచి నిలబడింది. పొట్టి మనిషి కావడంతో లేచిందో లేదో ఆవిడకి వెంటనే అర్థం కాలేదు. "ఎవరో లేచినట్టున్నారు" అని మెడ సాచి చూసింది. అందరూ నవ్వారు. ఆ నవ్వులో ఇంకో ముగ్గురు లేచారు.

ఎందుకు లేచిందో చీమ తనకు తానే సరిగా చెప్పుకోలేకపోయింది. ఏడాది కిందట ఒక ట్యూటరు పదిమందిలో అన్న మాట మాత్రం ఆమె మనసులో ముల్లులా ఉండిపోయింది. "నువ్వు పనికి భయపడవు. మనుషులకి భయపడతావు. మంచం సర్దమంటే సర్దుతావు, మంచం మీద ఉన్నవాడి కళ్ళల్లోకి చూడమంటే నేల చూపులు చూస్తావు." అది అబద్ధం కాదు. అందుకే అంత నొప్పి.

ఇంట్లో పెద్ద గొడవే అయింది. నాయనమ్మ మంచం దిగి వచ్చి మరీ అడిగింది.

"సూది గుచ్చేదానికి సైన్యం ఎందుకే? నీకు తుపాకీ గానీ ఇస్తారా?"

"ఇవ్వరు నాయనమ్మా."

"ఇవ్వకపోతే మరీ అన్యాయం. అవతలివాడి దగ్గర ఉంటుందిగా."

తండ్రి బస్సు డ్రైవరు. పద్దెనిమిదేళ్ళప్పుడు ఆయనా సైన్యంలో చేరబోయి, పాదాలు చదునుగా ఉన్నాయని వెనక్కి పంపేస్తే తిరిగొచ్చిన మనిషి. కూతురి మాట విన్నాక వెళ్ళి బకెట్టులో కాళ్ళు తడుపుకొచ్చి సిమెంటు నేల మీద నిలబడ్డాడు. ఇటుకల్లాంటి రెండు అచ్చులు పడ్డాయి. "ఇప్పుడు నువ్వు" అన్నాడు. చీమ పాదాల అచ్చు మధ్యలో చక్కగా వంపు తిరిగింది. ఆ వంపు ఆరిపోయేదాకా ఆయన అక్కడే గొంతుక్కూర్చుని చూశాడు. తరువాత కాగితాల మీద సంతకం పెట్టాడు. తల్లి కూడా పెట్టింది. పెట్టి, కలానికి మూత బిగించి, వంటగదిలోకి వెళ్ళి చాలాసేపు గిన్నెలు తోమింది. అవి అప్పటికే తోమి ఉన్నాయి.

నలుగురు అమ్మాయిలనీ లారీలో సైనిక ఆస్పత్రికి తీసుకెళ్ళారు. మొదటి పది రోజులు వార్డు ముఖమే చూపించలేదు. మైదానంలో కవాతు, సెల్యూట్లు, బూట్లు మెరిపించడం, ఎవరికి సెల్యూట్ కొట్టాలో ఎవరికి కొట్టకూడదో కంఠస్థం చేయడం. చీమ గదిలో ఉండే అమ్మాయి నిద్రలో కూడా మాట్లాడుతూనే ఉంటుంది. దానికి రేడియో అని పేరు పెట్టారు. రేడియో మొదటి రోజే వంటవాడికి సెల్యూట్ కొట్టి, అతను భయపడి గరిటె జారవిడిస్తే, "తప్పేముంది, అన్నం పెట్టేవాడేగా" అని సమర్థించుకుంది.

పదకొండో రోజు పొద్దున చీమకి కళ్ళ వార్డు వేశారు.

హెడ్ నర్సు మేజరు హోదా మనిషి. అందరూ మేజరమ్మ అంటారు. యాభై దాటిన వయసు, తక్కువ మాట, ఎక్కువ చూపు. వార్డు తలుపు దగ్గర చీమని ఆపి చెప్పింది.

"లోపల పన్నెండు మంది. అందరివీ కట్లు కట్టిన కళ్ళే. మందుపాతర పేలినవాళ్ళు, స్టవ్ పేలినవాళ్ళు, గాజు పెంకులు పడ్డవాళ్ళు. ఒక్క నియమం గుర్తుపెట్టుకో. గొంతు ముందు, చెయ్యి తర్వాత. నువ్వెవరో, ఏం చేయబోతున్నావో చెప్పకుండా ఎవర్నీ తాకకూడదు. చీకట్లో ఉన్నవాడిని మాట్లాడకుండా ముట్టుకుంటే ఎలా ఉంటుందో నువ్వు ఊహించుకో."

"సరే మేడమ్."

వార్డు ఒకప్పటి వరండా. దాన్నే మూసి గదిలా చేశారు. పొడవుగా, సన్నగా ఉంటుంది. పన్నెండు మంచాలూ ఒకే గోడవారగా వరసలో, ఎదురుగా ఆకుపచ్చ తెరలు వేసిన కిటికీలు. దూరపు గోడ దగ్గర ఒకటో మంచం, తలుపు పక్కన పన్నెండోది. తలుపు దగ్గర ఒక స్టూలు. చీమకి ఆ గది చూడగానే హాయిగా అనిపించింది. సిగ్గుపడాల్సిన హాయి. ఇక్కడ తన కళ్ళల్లోకి చూసేవాళ్ళు ఎవరూ లేరు.

ఒకటో మంచం మీద సైన్యం వంటాయన. నలభై దాటిన మనిషి, ముఖం మీద కాలిన మచ్చలు.

"నేను క్యాడెట్‌ని. పల్స్ చూస్తాను" అంది చీమ.

"చూడు తల్లీ. ఇవాళ నోరు విప్పావే. సంతోషం."

అర్థం కాలేదు గానీ, మందు మత్తేమో అనుకుని ముందుకు కదిలింది. మూడో మంచం మీద లారీ డ్రైవరు కూడా అలాంటి మాటే అన్నాడు. అయిదో మంచం మీద వైర్లాయన. టెలిఫోన్ తీగలు లాగే పనిలో ఉండగా మందుపాతర పేలి పదిహేను గజాల దూరం ఎగిరిపడ్డవాడు. సన్నగా, తీగలాగే ఉంటాడు. చీమ తన మాట చెప్పగానే ఆయన నవ్వాడు.

"పది రోజుల నుంచి మాట్లాడకుండా వచ్చి చెయ్యి పట్టుకుంటున్నారు. మూగవారేమో అని మేమంతా జాలిపడ్డాం సిస్టరమ్మా."

"నేను ఇవాళే వచ్చానండీ."

"మరి మూడింటికి వచ్చేదెవరు?"

చీమకి అప్పుడు తెలిసింది. రోజూ మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు వరకు ఆ వార్డులో విశ్రాంతి వేళ. తెరలు దించేస్తారు. డాక్టర్లు రారు. నర్సులు పక్క గదిలో కూర్చుని డ్యూటీ అప్పగింతలు, రికార్డులు చూసుకుంటారు. ఆ వేళలో ఎవరో ఒకావిడ వస్తుందట. అడుగుల చప్పుడు ఉండదు. దుప్పటి సరిచేస్తుంది, ఒకటో మంచం నుంచి పన్నెండో మంచం దాకా ఒక్కొక్కరి నాడీ చూసి వెళ్ళిపోతుంది.

"చేతులు మాత్రం చల్లగా ఉంటాయి" అన్నాడు డ్రైవరు. "కుండలోంచి తీసినట్టు."

"చదువుకునే పిల్లే అనుకున్నాం" అన్నాడు వైర్లాయన. "పాత సిస్టర్లు పావు నిమిషం లెక్కపెట్టి నాలుగుతో హెచ్చవేసుకుంటారు. ఈవిడ నిండు నిమిషం పట్టుకుంటుంది. నాకు పనేముంది, నేనూ లోపల లెక్కపెడుతుంటాను. సరిగ్గా అరవై."

సాయంత్రం వార్డు ఇన్‌చార్జి సిస్టరు చార్టులు పట్టుకుని చీమ మీద విరుచుకుపడింది. ఆ ఆస్పత్రిలో విద్యార్థులు చార్టు మీద పెన్సిలుతో రాయాలి. సిస్టరు సరిచూసి ఇంకుతో దిద్దుతుంది. చార్టులో రెండు గంటలకి ఒక గడి, ఆరు గంటలకి ఒక గడి. ఆ రెండింటి మధ్య ఇరుకులో ఎవరో పెన్సిలుతో చిన్న గీత గీసి, మూడు అని వేసి, పక్కన నాడి రాశారు. ప్రతి మంచానికీ, ప్రతి రోజూ.

"మూడింటికి ఎవరు చూడమన్నారు నిన్ను? చూడకుండానే రాసేస్తున్నావా?"

"నేను ఇవాళే చేరాను సిస్టర్. ఇవి పది రోజులవి."

ఇన్‌చార్జి సిస్టరు తేదీలు చూసింది. చీమని చూసింది. "చెరిపెయ్" అని వెళ్ళిపోయింది.

చీమ రబ్బరు పుచ్చుకుని కూర్చుంది. చెరుపుతుంటే ఒక సంగతి కంటపడింది. ఇంకుతో రాసిన అంకెలన్నీ డెబ్బై రెండు, డెబ్బై ఆరు, ఎనభై, ఎనభై నాలుగు. నాలుగుతో హెచ్చవేసినవి. పెన్సిలువి మాత్రం డెబ్బై ఒకటి, ఎనభై మూడు, అరవై తొమ్మిది. నిజంగా నిమిషం పాటు వేళ్ళ కింద లెక్కపెట్టినవాళ్ళకి తప్ప అలాంటి అంకెలు రావు. అయినా అన్నీ చెరిపింది. మరుసటి రోజు సాయంత్రానికి చార్టుల్లో మళ్ళీ మూడింటి గీత ఉంది.

ఆ రాత్రి రేడియోకి చెప్పింది. రేడియో జీవితంలో మొదటిసారి రెండు నిమిషాలు మాట్లాడలేదు. తరువాత, "వెళ్ళి చూడవే. నేనైతే చచ్చినా వెళ్ళను గానీ నువ్వు వెళ్ళి చూడు" అంది.

మూడో రోజు విశ్రాంతి వేళ చీమ వార్డులోనే ఉండిపోయింది. తలుపు పక్కన స్టూలు మీద కూర్చుంది. తెరల్లోంచి వచ్చే వెలుతురు ఆకుపచ్చగా, నీళ్ళ అడుగున ఉన్నట్టుగా ఉంది. పన్నెండు మందీ వెల్లకిలా పడుకుని ఉన్నారు. ఎవరు నిద్రపోతున్నారో ఎవరు మేలుకుని ఉన్నారో చెప్పడం కష్టం. కట్ల వెనుక కళ్ళు అందరివీ ఒకటే. పక్క గదిలో గాజు పలక వెనుక ఇన్‌చార్జి సిస్టరు తల వంచుకుని రాసుకుంటోంది.

గోడ గడియారం మూడు కొట్టింది. ఎవరూ రాలేదు. తలుపు కదల్లేదు. చీమ ఊపిరి వదిలింది.

అప్పుడు ఆ దూరపు చివర వంటాయన కుడి చెయ్యి దుప్పటి మీద నుంచి జానెడు పైకి లేచింది. అరచెయ్యి పైకి తిరిగింది. అలాగే గాలిలో నిలబడిపోయింది, కింద ఎవరో ఆనించినట్టు. మణికట్టు మీద చర్మం మూడు చోట్ల కొంచెం లోపలికి నొక్కుకున్నట్టు చీమకి అంత దూరం నుంచే అనిపించింది. సెకన్ల ముల్లు ఒక చుట్టు తిరిగింది. చెయ్యి నెమ్మదిగా దిగింది. దుప్పటి అంచు దానంతటదే సర్దుకుంది.

రెండో మంచం మీద చెయ్యి లేచింది.

మూడో మంచం. నాలుగో మంచం. ఒక్కో మంచం దగ్గరా ఒక నిండు నిమిషం. అది తొందరపడటం లేదు. ఎక్కడా ఆలస్యమూ చేయడం లేదు. మంచం మంచానికీ తన వైపుకే వస్తోంది. ఎనిమిదో మంచం అయ్యేసరికి లేచి పరుగెత్తడానికి ఇంకా నాలుగు నిమిషాలు ఉందని లెక్కవేసుకుంది. పదకొండో మంచం అయ్యాక ఒక నిమిషం ఉందనుకుంది. లేవలేదు. పన్నెండో మంచం మీద నిద్రపోతున్నవాడి చెయ్యి ఆమె మోకాలికి మూరెడు దూరంలో లేచి, నిలిచి, దిగింది.

ఆమె ఎడమ మణికట్టు మీద మూడు వేళ్ళు పడ్డాయి.

చల్లగా, మెత్తగా, తెలిసిన పనిలా. సరిగ్గా పడవలసిన చోట, బొటనవేలి మొదలుకి దిగువన. చీమ గుండె చెవుల్లో కొట్టుకుంటోంది. ఎదురుగా ఉన్న గాలిలోకి చూసింది. చూపు దించుకుందామనిపించింది గానీ, దించుకుంటే ఏమవుతుందోనన్న భయం ఇంకా ఎక్కువగా ఉంది. ఏం చేయాలో తెలియక, నోటికొచ్చిన మాట అనేసింది.

"గొంతు ముందు, చెయ్యి తర్వాత. చెప్పకుండా ముట్టుకోకూడదు. నేను క్యాడెట్‌ని, పల్స్ చూస్తాను అని చెప్పాలి."

వేళ్ళు కదలలేదు. నిమిషం అయింది. వదిలేశాయి.

ఆ తరువాతి రోజు మధ్యాహ్నం చీమకి క్లాసు. రెండు నుంచి నాలుగు దాకా రేడియో పక్కనే కూర్చుని ఎముకల పాఠం రాసుకుంది. నాలుగింటికి కళ్ళల్లో చుక్కలు వేయడానికి వార్డుకి వచ్చి, అలవాటుగా, "నేను క్యాడెట్‌ని" అంది.

"మళ్ళీ ఎందుకు సిస్టరమ్మా?" అన్నాడు డ్రైవరు. "ఇందాకే చెప్పారుగా."

"ఎప్పుడు?"

"మూడింటికి. ఇవాళ మీరే వచ్చారుగా."

"నేను క్లాసులో ఉన్నానండీ."

వైర్లాయన దిండు మీద తల ఇటు తిప్పాడు. "మీ గొంతే. నా పని చెవులతోనే, పొరపాటు పడను. 'నేను క్యాడెట్‌ని. పల్స్ చూస్తాను.' పన్నెండు మంచాల దగ్గరా అదే మాట, అదే పలుకు, ఒక్క అక్షరం పైకీ కిందకీ లేదు. చెయ్యి మాత్రం ఆవిడదే." ఆ వెంటనే మామూలుగా అన్నాడు. "ఈ ఎడమ భుజం పీకుతోంది. పడుకోవడంలో పట్టేసినట్టుంది."

చీమ ఆ భుజం మాట చెవిన పెట్టింది గానీ మనసున పెట్టలేదు. ఆమె మనసంతా తన గొంతు మీద ఉంది. తనకి తెలియకుండా తన గొంతు ఆ గది అంతా తిరిగి వచ్చింది. ఆ రోజు ఎవరితోనైనా మాట్లాడాలంటే నోరు తెరవడానికే జంకింది.

తరువాతి రోజు అక్కడికి వెళ్ళకుండా ఉండటానికి చేతనైనంత ప్రయత్నం చేసింది. డ్రెస్సింగ్ గదిలో దూది చుట్టలు చుట్టింది. చుట్టినవే విప్పి మళ్ళీ చుట్టింది. మూడుకి అయిదు నిమిషాలు ఉందనగా ఆమె కాళ్ళే ఆమెని తీసుకొచ్చి స్టూలు మీద కూర్చోబెట్టాయి.

మూడయింది. దూరపు గోడ దగ్గర ఆమె గొంతు వినిపించింది.

"నేను క్యాడెట్‌ని. పల్స్ చూస్తాను."

తన గొంతు బయటి నుంచి వినడం ఎలా ఉంటుందో ఆమెకి అంతవరకూ తెలియదు. అనుకున్నదానికంటే సన్నగా ఉంది. వంటాయన చెయ్యి లేచింది, దిగింది. రెండో మంచం, మూడు, నాలుగు. అయిదో మంచం దగ్గర ఆ మాట వినిపించింది. వైర్లాయన చెయ్యి లేచింది. సెకన్ల ముల్లు ఒక చుట్టు తిరిగింది.

చెయ్యి దిగలేదు.

రెండో చుట్టు కూడా తిరిగింది. చెయ్యి అలాగే ఉంది.

"నేను క్యాడెట్‌ని" అంది ఆ గొంతు.

సెకన్ల ముల్లు మూడో చుట్టులో ఉంది.

"నేను క్యాడెట్‌ని. పల్స్ చూస్తాను. నేను క్యాడెట్‌ని. నేను క్యాడెట్‌ని."

గొంతులో తొందర లేదు, భయం లేదు. ఒకే పలుకు మళ్ళీ మళ్ళీ. దానికి వచ్చిన మాటలు అవే. వేరే మాటలు ఎవరూ నేర్పలేదు. ఆ ఆలోచన రావడంతోనే చీమకి అర్థమైంది. అది తనని పిలుస్తోంది.

ఎలా లేచిందో తెలియదు, అయిదో మంచం దగ్గరికి చేరింది. "నేను క్యాడెట్‌ని, పల్స్ చూస్తాను" అని తన నోటితో తాను చెప్పి, వైర్లాయన రెండో చెయ్యి పట్టుకుంది. చెయ్యి తడిగా ఉంది. నాడి దారపు పోగులా సన్నగా, పరుగులు తీస్తోంది. లెక్కపెట్టింది. నూట ముప్పై ఎనిమిది. కట్టు కింద కనబడే బుగ్గ సున్నం కొట్టినట్టుంది.

"ఎలా ఉందండీ?"

"బాగానే ఉంది. దాహంగా ఉంది. భుజం..." అన్నాడు. మాట పూర్తి కాలేదు.

చీమ పక్క గది గాజు పలక మీద రెండు చేతులతో కొట్టింది. ఇన్‌చార్జి సిస్టరు వచ్చింది, ఆవిడ వెనకే మేజరమ్మ వచ్చింది. చీమ గుక్క తిప్పుకోకుండా చెప్పింది. పల్స్ నూట ముప్పై ఎనిమిది, రెండింటికి డెబ్బై ఆరు, నిన్నటి నుంచి ఎడమ భుజం నొప్పి, ఒళ్ళంతా చెమట. మేజరమ్మ ఆయన పొట్ట మీద చెయ్యి వేసి నొక్కింది. పొట్ట పలకలా గట్టిగా ఉంది. ఆవిడ ఒక్క మాటే అంది. "సర్జన్ని పిలవండి."

పేలుడులో ఎగిరిపడ్డప్పుడు ఆయన కడుపులో ఎడమ పక్కనుండే ప్లీహానికి చిన్న చీలిక పడింది. రెండు వారాలు అది ఎవరికీ తెలియకుండా ఊరుకుని, ముందురోజు నుంచి కొంచెం కొంచెం కారి, ఆ మధ్యాహ్నం తెగింది. కడుపులో రక్తం నిండితే నొప్పి ఎడమ భుజానికి ఎక్కుతుంది. ఆరింటి వరకు ఎవరూ నాడి చూసి ఉండకపోతే మంచం మీద శవం ఉండేదని సర్జన్ చేతులు కడుక్కుంటూ అన్నాడు.

సాయంత్రం మేజరమ్మ చీమని తన గదికి పిలిచింది. తలుపు వేయించింది.

"ఆ వేళప్పుడు అతని పల్స్ ఎందుకు చూశావు?"

అబద్ధం చెప్పొచ్చు. ముఖం చూసి అనుమానం వచ్చింది మేడమ్ అంటే సరిపోతుంది. చీమ తల ఎత్తి ఆవిడ కళ్ళల్లోకి చూసి మొత్తం చెప్పింది. మేజరమ్మ మధ్యలో అడ్డం రాలేదు. అంతా విన్నాక, "నీ చెయ్యి కూడా పట్టుకుందా?" అని అడిగింది.

"పట్టుకుంది మేడమ్."

"మూడు వేళ్ళేనా? బొటనవేలు తగల్లేదుగా?"

"లేదు మేడమ్."

"తగలదు. చాలా పద్ధతిగల మనిషి." మేజరమ్మ కుర్చీలో వెనక్కి వాలింది. "ఎంతసేపు పట్టుకుంది?"

"ఒక నిమిషం."

ఆవిడ ముఖం కొంచెం తేలికపడింది. "అయితే పరవాలేదు. నా చెయ్యి ఒకసారి మూడు నిమిషాలు వదల్లేదు. క్యాడెట్‌గా ఉన్నప్పుడు. భయపడి ఆ సాయంత్రమే పరీక్ష చేయించుకున్నాను. గుండెలో ఒక కవాటం సరిగా మూసుకోవడం లేదన్నారు. ఇప్పటికీ మాత్రలు వేసుకుంటున్నాను."

"ఎవరు మేడమ్ ఆవిడ?"

"ఇరవై ఏడేళ్ళ కిందట నేనూ మా మేజరుని ఇదే అడిగాను. ఆవిడా వాళ్ళ మేజరుని అడిగిందట. ఈ ఆస్పత్రిలో చనిపోయిన నర్సుల వివరాలన్నీ తీసి చూశాను. ఎవరూ కుదర్లేదు. నాకు తెలిసింది ఇంతే. చదువు పూర్తికాని పిల్లలు ఈ ఆస్పత్రి గేటు లోపలికి వచ్చిన రోజు నుంచి కనిపెట్టుకుని ఉంటుంది. వాళ్ళున్నన్నాళ్ళూ వస్తుంది. ఎందుకో తెలిస్తే రిజిస్టర్లో రాసేదాన్ని." ముందుకు వంగి అంది. "మాట్లాడటం మాత్రం నేనెప్పుడూ వినలేదు. అది నీ వల్లే వచ్చింది. కావాలంటే వార్డు మారుస్తాను."

"వద్దు మేడమ్" అంది చీమ.

వైర్లాయన బతికాడు. నెల తరువాత కుడికన్ను కట్టు విప్పారు. ఆ కంటికి చూపు దక్కింది. వార్డుకి వచ్చి చీమని కిందనుంచి పైదాకా చూశాడు. అంత ఎక్కువసేపేమీ పట్టలేదు.

"ఇంత పొట్టివారా మీరు?"

"ఏం, మీరేమనుకున్నారు?"

"మంచం పక్కన నిలబడితే మీ గొంతు చాలా పైనుంచి వచ్చేది సిస్టరమ్మా. ఆపరేషన్ గదిలో కూడా. మత్తు ఎక్కేదాకా నా తల మీదుగా అదే మాట చెబుతూనే ఉన్నారు."

చీమ ఆపరేషన్ గది గుమ్మం దాటలేదు. ఆ సంగతి ఆయనకి చెప్పలేదు.

ఆ ఏడాదంతా అలాగే గడిచింది. క్లాసు లేని రోజుల్లో మూడింటికి స్టూలు మీద కూర్చునేది. పన్నెండు మంచాలూ అయ్యాక తన చెయ్యి తనే చాపేది. ప్రతిసారీ అరవై దగ్గర పడుతుంటే గుండె బిగిసేది, వేళ్ళు వదలగానే సడలేది. భయం పోయిందని ఎవరితోనైనా అంటే అది అబద్ధమయ్యేది. భయంతో పాటు ఇంకేదో కూడా వచ్చి పక్కన కూర్చుంది, అంతే.

ఆ గొంతు ఒక మంచం దగ్గరే ఉండిపోయి పిలిచిన సందర్భాలు ఇంకో రెండున్నాయి. ఒకసారి డ్రైవరుకి రక్తంలో విషం చేరుతుంటే సకాలంలో తెలిసింది. రెండోసారి, కొత్తగా వచ్చిన ఇరవై ఏళ్ళ సైనికుడు. మెదడులో నరం చిట్లింది. చీమ పరుగెత్తింది, అందరూ పరుగెత్తారు, లాభం లేకపోయింది. డాక్టరు టైము చూసి రాసుకున్నాక కూడా ఆ అబ్బాయి కుడి చెయ్యి దుప్పటి మీద జానెడు ఎత్తున అరచెయ్యి పైకి తిరిగే ఉంది. కండరాలు బిగుసుకోవడం అని డాక్టరు దాన్ని కిందకి దించబోయాడు.

"ఇంకాసేపు ఉండనివ్వండి డాక్టర్" అంది చీమ.

ఆమె గొంతులో ఏముందో, ఆయన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. నాలుగు గంటలకి ఆ చెయ్యి దానంతటదే దిగింది. దుప్పటి అంచు సర్దుకుంది.

ఆఖరి పరీక్షకి బయటి కాలేజీ నుంచి పరీక్షకురాలు వచ్చింది. వంటాయన నాడి చూడమంది. చీమ చెప్పి, పట్టుకుని, గడియారం చూస్తూ నిలబడింది. "పావు నిమిషం చాలమ్మా, నాలుగుతో హెచ్చవేయి" అంది ఆవిడ. చీమ వినబడనట్టే ఉండి, నిమిషం నిండాక, "డెబ్బై మూడు" అంది. పరీక్షకురాలు ఏదో రాసుకుంది. మంచిదో చెడ్డదో తెలియలేదు.

మూడు వారాలకి ఫలితాలు వచ్చాయి. నలుగురూ ప్యాసయ్యారు. రేడియోకి నోటి పరీక్షలో అందరికంటే ఎక్కువ మార్కులు వచ్చాయి. ఆ ఎండలోనే మైదానంలో నిలబెట్టి ప్రమాణం చేయించి, భుజాలకి నక్షత్రాలు పెట్టారు. ఇన్‌చార్జి సిస్టరు చీమ జేబులోంచి పెన్సిలు తీసుకుని, ఇంకు పెన్ను పెట్టింది.

మరుసటి రోజు చీమ లెఫ్టినెంట్‌గా వార్డుకి వచ్చింది. రెండింటికి తెరలు దించింది. ఇక ఆమె కూడా పక్క గదిలో రికార్డులు చూసుకోవలసిన మనిషే. అయినా స్టూలు మీద కూర్చుంది. మూడు కొట్టింది. వంటాయన ఆఖరి ఆపరేషన్ కోసం ఇంకా ఒకటో మంచం మీదే ఉన్నాడు. ఆయన చెయ్యి బయటికి చాపాడు. మిగతావాళ్ళూ చాపారు. తాము చాపడానికీ, ఎవరో లేపడానికీ తేడా చీమకి ఇప్పుడు తెలుసు. చేతులు దుప్పట్ల మీద ఊరికే పడి ఉన్నాయి.

అరగంట గడిచింది. ఒక్కొక్కరే చేతులు లోపలికి లాక్కోవడం మొదలుపెట్టారు.

"ఇవాళ ఆవిడ రాలేదేం తల్లీ?" అన్నాడు వంటాయన ఆ చివర నుంచి.

"ఇక రాదు లెండి. చదువుకునే పిల్లలెవరూ మిగల్లేదుగా" అంది చీమ.

చీమ మణికట్టు చాపి కూర్చునే ఉంది. ఆ పొడుగాటి గదిలో తన ఊపిరి తప్ప ఏమీ వినబడటం లేదు. మొదటి రోజు వచ్చిన భయం కంటే ఇది వేరే రకం, ఎక్కువ బరువు. పన్నెండు మంది ఛాతీలు దుప్పట్ల కింద పైకీ కిందకీ ఆడుతున్నాయి. వాటిల్లో ఏది తప్పుగా ఆడుతోందో చెప్పేవాళ్ళు ఎవరూ లేరు.

లేచి ఒకటో మంచం దగ్గరికి నడిచింది.

"నేను సిస్టర్‌ని. పల్స్ చూస్తాను."

మధ్యలో ఎనిమిదో మంచం మనిషికి కట్టు సడలిందని మొత్తం విప్పి మళ్ళీ కట్టవలసి వచ్చింది. పదో మంచం మనిషి నీళ్ళడిగాడు. పన్నెండు నాడులూ పూర్తయ్యేసరికి నాలుగు దాటిపోయింది. కళ్ళల్లో చుక్కలు పదకొండు నిమిషాలు ఆలస్యమయ్యాయి. ఇన్‌చార్జి సిస్టరు, లెఫ్టినెంట్ అయిన మొదటి రోజే ఇదేమిటని, కారణం రాసి ఇమ్మంది.

చీమ కాగితం తీసుకుని, ఇంకుతో, మూడింటి పల్స్ చూడటం వల్ల అని రాసి సంతకం పెట్టింది.